‘ద కింగ్స్ స్పీచ్’ తెలుగులో వేస్తుంటే: నత్తిని వేదిక మీద ఎలా చూపాలి?

నమస్కారం అండీ. మీ బృందం డేవిడ్ సైడ్లర్ నాటకం ‘ద కింగ్స్ స్పీచ్’ను తెలుగులో ప్రదర్శించబోతోందని, బెర్టీ పాత్రధారి నత్తి మొదలుపెట్టగానే రిహార్సల్‌లో కూర్చున్నవాళ్లకు నవ్వు ఆగడం లేదని రాశారు. బ్రిటన్ రాజు ఆరవ జార్జి (ఇంట్లో పిలిచే పేరు బెర్టీ) నత్తితో పడిన పాట్లు, ఆయన మాటకు శిక్షణ ఇచ్చిన లయొనెల్ లోగ్‌తో స్నేహం ఆ నాటకం కథ. అది సినిమాగానూ వచ్చింది. నత్తిని ఎలా నటించాలి, కథలో చరిత్ర ఎంత, అందులో చూపే చికిత్సలు నిజంగా పనిచేస్తాయా అని మూడు ప్రశ్నలు అడిగారు. నేను స్పీచ్ థెరపిస్టుని. వృత్తితో పాటు చాలా ఏళ్లుగా నాటక బృందాలకు వాచికం విషయంలో సాయం చేస్తున్నాను. మొదటి ప్రశ్నకే ఎక్కువ చోటు ఇస్తాను. మీ ప్రదర్శన నిలబడినా పడిపోయినా అక్కడే.

ముందు నవ్వు సంగతి. మీవాళ్లను తప్పుపట్టకండి. మన నాటకాల్లోనూ సినిమాల్లోనూ నత్తిని దశాబ్దాలుగా హాస్యపాత్రలకే అంటగట్టారు. పెళ్లిచూపుల్లో తన పేరు తాను చెప్పుకోలేక తంటాలుపడే పెళ్లికొడుకుని చూసి నవ్వుతూ పెరిగినవాళ్లం మనం. ఒక అక్షరాన్ని పట్టుకుని ‘మ-మ-మ-మ’ అని దొర్లిస్తే ఎంత గొప్ప నటుడు చేసినా మన ప్రేక్షకుడు నవ్వుతాడు. ఆ ధ్వని వినగానే హాస్యపాత్ర వచ్చిందని అతని చెవికి అలవాటైపోయింది. ఈ అలవాటును ఒక్క ప్రదర్శనతో మాన్పించలేం. అందుకని ఆ ధ్వనిని బాగా తగ్గించి, నత్తిలో మామూలుగా ఎవరూ గమనించని భాగాన్ని ముందుకు తీసుకురావాలి.

ఆ భాగం ఏమిటో చెబుతాను. నత్తి మూడు తీరుల్లో కనబడుతుంది. ఒక ధ్వనిని తిరిగి తిరిగి పలకడం మొదటిది. ఒక ధ్వనిని సాగదీయడం రెండోది. మూడోది పూర్తిగా ఆగిపోవడం. పెదవులు, నాలుక ఆ అక్షరానికి సిద్ధంగా నిలబడి ఉంటాయి, కానీ గాలి కదలదు, గొంతు పలకదు. దీన్ని మేం బ్లాక్ అంటాం. వినేవాడికి అది నిశ్శబ్దం. అనుభవించేవాడికి అది పెనుగులాట. ఆరవ జార్జి నత్తి ఎక్కువగా ఈ మూడో తీరులోనే ఉండేది. ఆయన ప్రసంగాల రికార్డులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. 1939 సెప్టెంబరు 3న, బ్రిటన్ జర్మనీతో యుద్ధంలో ఉన్నట్టు ప్రధాని ఛాంబర్లిన్ ఉదయం ప్రకటించాక, సాయంత్రం 6 గంటలకు రాజు రేడియోలో మాట్లాడారు. నాటకం పరాకాష్ఠ అదే. సినిమాలోని రూపం కాకుండా అసలు రికార్డును మీ నటుడికి వినిపించండి. అందులో అక్షరాలు దొర్లడం దాదాపు వినబడదు. రెండు మూడు మాటలు, ఒక విరామం, మళ్లీ రెండు మూడు మాటలు. కొన్ని విరామాలు అర్థం కోసం తీసుకున్నవి. కొన్ని మాత్రం వాక్యం మధ్యలో, ఎవరూ ఆగని చోట వస్తాయి. రెండో రకం విరామాలను గుర్తుపట్టడం మీ నటుడికి మొదటి అభ్యాసం. కాగితం మీద ప్రసంగపాఠం పెట్టుకుని, ఆగిన ప్రతిచోటా పెన్సిలుతో గీత పెట్టమనండి.

ఇక నేను ప్రతి బృందానికీ చెప్పే అసలు మాట. నత్తి ఉన్న మనిషి నత్తిగా మాట్లాడటానికి ప్రయత్నించడు. నత్తి రాకుండా మాట్లాడటానికి ప్రయత్నిస్తాడు. ఈ తేడా నటుడి ఒంట్లోకి ఎక్కితే మిగతాదంతా దారిన పడుతుంది. తాగినవాడి పాత్ర వేసేటప్పుడు గురువులు చెప్పే సూత్రం మీకు తెలిసే ఉంటుంది: తూలడం నటించకు, తూలకుండా నడవడానికి పడే పాటు నటించు అని. ఇక్కడా అదే. మీ నటుడు ‘ఇక్కడ తడబడాలి’ అని ఆలోచిస్తున్నంతసేపూ అది అనుకరణగానే ఉంటుంది. ‘ఈ మాట ఎలాగైనా బయటపెట్టాలి’ అని ఆలోచించిన రోజు అది బెర్టీ అవుతుంది.

ఆ పాటు ఎలా ఉంటుందో తెలియాలంటే నత్తి ఉన్నవాళ్లు రోజూ చేసే పనులు తెలియాలి. రాబోయే వాక్యంలో ఏ మాట దగ్గర చిక్కుకుంటారో వాళ్లకు చాలాసార్లు ముందే తెలుస్తుంది. అందుకని నోరు మాట్లాడుతుండగానే మనసు ముందుకు పరుగెత్తి దారి వెతుకుతుంది. కష్టమైన మాటకు బదులు తేలికైన మాట వేస్తుంది. వాక్యాన్ని తిరగేస్తుంది. ‘అంటే’, ‘అదే’, ‘మరి’ లాంటి ఊతపదాలను మెట్టుగా వాడుకుంటుంది. గుర్తులేనట్టు తల గోక్కుంటుంది. ఒక్కోసారి అడగాలనుకున్నది అడగకుండానే ఊరుకుంటుంది. చాలామంది హోటల్లో తమకు ఇష్టమైనది కాకుండా నోటికి పలికేది తెప్పించుకుంటారు. మార్చడానికి వీల్లేని మాటలు కొన్ని ఉంటాయి, సొంత పేరు, ఊరి పేరు, పదవి పేరు లాంటివి. అందుకే పేరు చెప్పడం వాళ్లకు అన్నిటికంటే కష్టమైన పని. ఇప్పుడు బెర్టీ స్థితి చూడండి. రాజు ప్రసంగాన్ని మంత్రులు రాసిస్తారు, చాలా మాటలు మార్చడానికి వీల్లేదు. ప్రమాణస్వీకారంలో అయితే ఒక్క అక్షరం కూడా మారకూడదు. తప్పించుకునే దారులన్నీ మూసేసిన ఉద్యోగం అది. ఆయన ఆ కిరీటానికి ఎందుకంత భయపడ్డారో నటుడికి ఈ కోణంలోంచి చెప్పండి. ఇంగ్లీషు కె (క), హార్డ్ జి (గ) ధ్వనులు ఆయనకు చాలా కష్టంగా ఉండేవి. లోగ్ ఆయన ప్రసంగాలను ముందుగానే చదివి, చిక్కుపెట్టే మాటలను వీలైనచోట మార్పించేవారు, ఊపిరి తీసుకోవలసిన చోట్లు గుర్తుపెట్టించేవారు.

దీన్నిబట్టి మీ అనువాదంలో ఒక జాగ్రత్త అవసరం. ఇంగ్లీషు స్క్రిప్టులో తడబాటు ఉన్న చోటే తెలుగులోనూ పెట్టకండి. తెలుగు వాక్యం కట్టుబాటు వేరు, మాటల వరస వేరు. నత్తి ఎక్కువగా వాక్యం మొదట్లో, బరువైన మాటల మొదటి అక్షరం దగ్గర వస్తుంది. విభక్తుల మీద, మాట చివర రావడం అరుదు. అందుకని మొత్తం పాఠాన్ని తెలుగులో శుభ్రంగా, ఎక్కడా తడబాటు లేకుండా రాయించండి. నటుడు దాన్ని ధారాళంగా కంఠస్థం చేయాలి. ఆ తర్వాతే దర్శకుడూ నటుడూ కూర్చుని ఎక్కడ చిక్కుకోవాలో తేల్చుకోవాలి. బెర్టీకి తెలుగులో ఏ రెండు మూడు ధ్వనులు కష్టమో ఒక నిర్ణయం తీసుకుని నాటకమంతా దానికే కట్టుబడండి. ప్రేక్షకులు అరగంటలో తమకు తెలియకుండానే ఆ ధ్వనులను కనిపెడతారు. ఆ తర్వాత అలాంటి మాట రాబోతోందంటే వాళ్లే ఊపిరి బిగబడతారు.

చిక్కు నాటకమంతా ఒకే మోతాదులో ఉండకూడదు. పాత ప్రదర్శనల్లో నాకు ఎక్కువగా కనబడే లోపం ఇది. నత్తి ఎదుటి మనిషినిబట్టి మారుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు, పసిపిల్లలతోనూ పెంపుడు జంతువులతోనూ మాట్లాడుతున్నప్పుడు, నలుగురితో కలిసి ఒకే పాఠం చదువుతున్నప్పుడు, పాడుతున్నప్పుడు చాలామందికి నత్తి రాదు, వచ్చినా తక్కువ. టెలిఫోను, మైకు, అధికారి, తొందరపెట్టే మనిషి ఉంటే పెరుగుతుంది. అందుకని పాత్రలవారీగా ఒక పట్టిక వేసుకోండి. తండ్రి ఐదవ జార్జి ఎదుట అత్యధికం. అన్న డేవిడ్ (తర్వాత ఎనిమిదవ ఎడ్వర్డ్ రాజు) వెక్కిరించినప్పుడు మాట పూర్తిగా నిలిచిపోతుంది. భార్య ఎలిజబెత్‌తో కొంచెం. కూతుళ్లతో ఇంకా తక్కువ. లోగ్‌తో మొదటి భేటీలో ఎక్కువ, క్రమంగా తక్కువ. కానీ వాళ్లిద్దరూ పోట్లాడుకున్న సన్నివేశంలో మళ్లీ పెరగాలి. అంత వివరంగా చేసుకుంటే, ఎవరి దగ్గర బెర్టీకి భయమో ఎవరి దగ్గర ధైర్యమో డైలాగు చెప్పకుండానే ప్రేక్షకుడికి తెలుస్తుంది.

బ్లాక్ ఎంతసేపు ఉండాలి? నిజజీవితంలో చాలా బ్లాకులు ఒకటి రెండు సెకన్లే. ఐదు సెకన్లు దాటేవి అరుదు. వేదిక మీద మూడు సెకన్ల నిశ్శబ్దం చాలా పెద్దది, ముందు వరసలో దగ్గులు మొదలవుతాయి. సినిమాకు క్లోజప్ ఉంది, పెదవి వణికినా తెర నిండుగా కనబడుతుంది. నాటకంలో చివరి వరసవాడికి పెదవి కనబడదు. అతనికి కనబడేవి భుజాలు, మెడ, చేతులు, పాదాలు. కాబట్టి ఊపిరి ఎక్కడ ఆగిందో భుజంలో చూపండి. వేలు కుర్చీ చేతిని నొక్కడం, మడమ నేలను తట్టడం, చూపు ఎదుటివాడి ముఖం మీదినుంచి పక్కకు తప్పుకోవడం, ఇలాంటివి నత్తితో పాటు నిజంగానే వస్తుంటాయి. వాటిలో ఒకటి రెండే ఎంచుకోండి. కన్నుకొట్టడం, తల విదిలించడం, నాలుక బయటపెట్టడం అన్నీ కలిపితే మళ్లీ హాస్యపాత్రే తయారవుతుంది. పొడవైన నిశ్శబ్దాలు నాటకమంతటికీ రెండో మూడో చాలు. వాటిని బెర్టీ సభలో మాట్లాడలేకపోయే వెంబ్లీ సన్నివేశానికి, ఆఖరి ప్రసంగం మొదటి మాటకి దాచుకోండి.

నటుడి ఆరోగ్యం గురించి కూడా ఒక మాట. గొంతు బిగించి రోజుకు మూడేసి గంటలు రిహార్సల్ చేస్తే గొంతు పాడవుతుంది. బిగింపు పెదవుల్లోనో పొత్తికడుపులోనో చూపమనండి, గొంతును వదిలేయమనండి. రిహార్సల్ అయ్యాక కొంతసేపు పాడించండి, లేదా ధారాళంగా ఏదైనా గట్టిగా చదివించండి. నత్తి నటించినవాళ్లకు ఆ తీరు కొంతకాలం మామూలు మాటలోకి కూడా దొర్లుకొస్తుంది. దానికి భయపడనక్కరలేదు, పాత్ర వదిలేశాక పోతుంది.

మీ బృందంలో నిజంగానే నత్తి ఉన్నవాళ్లు ఉంటే, వాళ్లకు ఇష్టమైతే బెర్టీ పాత్రకు ముందు వాళ్లనే అడగండి. అయితే ఒక విషయం తెలిసి ఉండాలి. నత్తి ఉన్న చాలామంది పాత్రలోకి వెళ్లగానే ధారాళంగా మాట్లాడతారు. అప్పుడు ‘నీకు సహజంగా వచ్చేదే కదా’ అని వాళ్లను ఒత్తిడి చేయకూడదు. వాళ్లు కూడా దాన్ని నటించవలసిందే. వాళ్ల దగ్గర ఉన్న సంపద లోపలి జ్ఞానం, అది ఎంత శిక్షణతోనూ మరొకరికి రాదు. పాత్ర ఇవ్వకపోయినా కనీసం రెండు మూడు రిహార్సళ్లకు పిలిచి, ఏది నిజంగా ఉంది, ఏది గాయపరుస్తోంది అని అడగండి. వాళ్లు కత్తిరించమన్నది కత్తిరించండి.

ఇప్పుడు లోగ్ పాత్ర. మన నటులు ఈ పాత్రను గురువుగారిలా వేస్తారు, ప్రతి వాక్యాన్నీ ఉపదేశంలా పలుకుతారు. లోగ్ గొప్పతనం ఆయన చెప్పినదాంట్లో కంటే ఆగినదాంట్లో ఉంది. బెర్టీ చిక్కుకున్నప్పుడు మిగతా పాత్రలన్నీ ఏదో ఒకటి చేస్తాయి. ఒకరు మాట అందిస్తారు, ఒకరు చూపు తిప్పుకుంటారు, ఒకరు గొంతు సవరించుకుంటారు. లోగ్ ఒక్కడే కదలకుండా, ముఖంలోకి చూస్తూ, మాట వచ్చేదాకా ఆగుతాడు. దర్శకుడిగా మీరు దీన్ని ప్రతి సన్నివేశంలో పాటించగలిగితే నాటకం సగం గెలిచినట్టే. బెర్టీ నత్తి ఎంత బాగా నటించినా, చుట్టూ ఉన్నవాళ్లు ఎలా వింటున్నారో చూపకపోతే అది ఒంటరి విన్యాసంగా మిగులుతుంది. నా లెక్కన రిహార్సల్ సమయంలో సగం వినేవాళ్ల మీద పెట్టాలి.

లోగ్ ఆస్ట్రేలియావాడు. ఆ వలసదేశపు యాస వల్లే లండన్ పెద్దమనుషులు ఆయన్ని చిన్నచూపు చూస్తారు. తెలుగులో ఈ తేడా చూపడానికి ఆయనచేత తెలంగాణ యాసో, ఉత్తరాంధ్ర యాసో, రాయలసీమ యాసో మాట్లాడించాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. దయచేసి వద్దు. అది ఆ ప్రాంతంవాళ్లకు అవమానం, నాటకానికి నష్టం. మర్యాదల్లో చూపండి. అనుమతి అడగకుండా కూర్చోవడం, వంగి నమస్కరించకపోవడం, రాకుమారుణ్ని తన గదికే రమ్మనడం సరిపోతాయి. నాటకంలో లోగ్ ఆయన్ని ఇంట్లోవాళ్లు పిలిచినట్టు ‘బెర్టీ’ అని పిలుస్తాడు. తెలుగులో దీన్ని ‘నువ్వు’గా మార్చాలా అని మీరు అడిగారు. నేనైతే లోగ్ చేత మొదటినుంచీ ‘బెర్టీ, మీరు’ అనిపిస్తాను. పేరులో చనువు, సంబోధనలో గౌరవం. బెర్టీ మాత్రం మొదట లోగ్‌ని పనివాడిలా ‘నువ్వు’ అంటాడు. ఒకానొక చోట, ఎవరూ ప్రత్యేకంగా ఎత్తిచూపకుండా, ‘మీరు’ అనడం మొదలుపెడతాడు. ఆ చోటు ఎక్కడో మీరే వెతుక్కోండి. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో పట్టాభిషేకం రిహార్సల్ ముగిసే చోట నాకు బాగుంటుందనిపిస్తుంది.

చరిత్ర ప్రశ్నకు వస్తాను. మూలం నిజమే, కాలాన్ని మాత్రం బాగా కుదించారు. బెర్టీ, అంటే ఆల్బర్ట్, 1895 డిసెంబరు 14న పుట్టారు. 1925 అక్టోబరు 31న లండన్‌లోని వెంబ్లీలో బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన ముగింపు సభలో ఆయన మాట్లాడలేక ఇబ్బందిపడ్డారు. ఏడాది తిరగకముందే, 1926 అక్టోబరు 19న, హార్లీ స్ట్రీట్‌లో లయొనెల్ లోగ్‌ని మొదటిసారి కలిశారు. ఆ తర్వాత ఏడాదికి పైగా, మధ్యలో విదేశయాత్ర కాలం పోను, 80కి పైగా సార్లు ఆయన దగ్గరికి వెళ్లారు. 1927 మే 9న కాన్‌బెరాలో ఆస్ట్రేలియా పార్లమెంటు భవనాన్ని ప్రారంభిస్తూ బాగానే మాట్లాడారు. అంటే పెద్ద మెరుగుదల రాజు కావడానికి దాదాపు పదేళ్ల ముందే వచ్చింది. సినిమాలో, నాటకంలో ఇదంతా 1930లలోకి జరిగి, తండ్రి మరణం, అన్న పదవీత్యాగం, యుద్ధం ఒకదాని మీద ఒకటి వచ్చిపడతాయి. ఐదవ జార్జి 1936 జనవరి 20న చనిపోయారు. ఎనిమిదవ ఎడ్వర్డ్ అదే ఏడాది డిసెంబరులో, తాను ప్రేమించిన వాలిస్ సింప్సన్‌ని పెళ్లాడటం కోసం గద్దె వదిలేశారు. పట్టాభిషేకం 1937 మే 12న జరిగింది. ఈ తేదీలు నిజం. వాటి మధ్య నాటకీయత సైడ్లర్‌ది.

కథలో చర్చిల్ మొదటినుంచీ బెర్టీ పక్షాన ఉన్నట్టు కనబడటం మాత్రం చరిత్రకు ఎదురు. ఆయన ఎడ్వర్డ్ పక్షాన గట్టిగా నిలబడ్డారు, 1936 డిసెంబరులో కామన్స్ సభలో అందుకోసం మాట్లాడబోతే సభ్యులు కేకలు వేసి కూర్చోబెట్టారు. లోగ్ నిజంగా రాజును ‘బెర్టీ’ అని పిలవలేదు, ఆయన ఉత్తరాలన్నీ ఎంతో మర్యాదగా ఉంటాయి. ఆర్చిబిషప్ కాస్మో లాంగ్ పాత్ర ఎందుకంత చికాకు పెడుతుందో నటుడికి తెలియాలంటే ఒక నిజసంఘటన చెప్పండి. పదవీత్యాగం జరిగిన రెండు రోజులకే, డిసెంబరు 13న, లాంగ్ రేడియోలో మాట్లాడుతూ కొత్త రాజు మాటలో అప్పుడప్పుడు క్షణకాలం తడబాటు ఉంటుందని, వినేవాళ్లు దానికి ఇబ్బందిపడనక్కరలేదని దేశమంతటికీ చాటారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఒక మనిషి జీవితమంతా దాచుకోవాలనుకున్నదాన్ని ఆయన అనుమతి లేకుండా రేడియోలో చెప్పడం ఎలాంటిదో నత్తి ఉన్నవాళ్లను అడగండి, చెబుతారు.

రచయిత గురించి తెలిస్తే కొన్ని సన్నివేశాలు వేరుగా అర్థమవుతాయి. సైడ్లర్ 1937లో లండన్‌లో పుట్టారు. ఆయనకే చిన్నప్పుడు తీవ్రమైన నత్తి. యుద్ధకాలంలో కుటుంబం అమెరికా వెళ్లింది. రేడియోలో రాజు ప్రసంగాలు వినిపించి, ఈయనకు నీకంటే ఎక్కువ నత్తి ఉండేది, ఇప్పుడెలా మాట్లాడుతున్నాడో చూడు అని తల్లిదండ్రులు ధైర్యం చెప్పేవారట. పెద్దయ్యాక ఆయన లోగ్ కొడుకు వాలెంటైన్‌ని సంప్రదించారు. రాజమాత, అంటే బెర్టీ భార్య, అనుమతిస్తే తండ్రి నోటుపుస్తకాలు చూపిస్తానన్నాడాయన. రాజమాత ఎలిజబెత్ తాను బతికుండగా వద్దని కోరారు, ఆ జ్ఞాపకాలు ఇంకా బాధపెడుతున్నాయని. సైడ్లర్ ఆ మాట మన్నించి ఆగారు. ఆవిడ 2002లో 101 ఏళ్ల వయసులో చనిపోయాకే పని తిరిగి మొదలుపెట్టారు. మొదట సినిమాగా రాసి, అసలు బంధం ఇద్దరు మనుషుల మధ్యదే కాబట్టి నాటకంగా రాసి చూడమని భార్య సలహా ఇస్తే అలా తిరగరాశారు. లండన్‌లో ఆ నాటకాన్ని చదివి వినిపించినప్పుడు విన్న ఒకావిడ తన కొడుకు, సినీ దర్శకుడు టామ్ హూపర్‌కి చెప్పింది. 2010 సినిమా అలా వచ్చింది. ఉత్తమ చిత్రంతో సహా నాలుగు ఆస్కార్లు గెలిచింది. రంగస్థలం మీదికి 2012లో గిల్డ్‌ఫర్డ్‌లో, ఏడ్రియన్ నోబుల్ దర్శకత్వంలో వచ్చి, మార్చిలో లండన్ విండమ్స్ థియేటర్‌కు చేరింది. సినిమా జనం మనసుల్లో ఇంకా పచ్చిగా ఉండటంవల్ల కావచ్చు, అక్కడ మే నెలలోనే ముగిసింది. మీకూ ఆ పోలిక తప్పదు. సినిమాలో లేనిది నాటకంలో ఉన్నదాన్ని గట్టిగా పట్టుకోండి. లోగ్ భార్య మర్టిల్ ఆస్ట్రేలియా తిరిగి వెళ్లిపోవాలని పడే ఆరాటం, నటుడు కావాలన్న లోగ్ తీరని కోరిక, గద్దె చుట్టూ రాజకీయుల మంతనాలు నాటకంలో ఎక్కువ. మర్టిల్ సన్నివేశాలను నిడివి కోసం కత్తిరించాలని మీవాళ్లు అనుకుంటున్నట్టు రాశారు. వద్దండి. విదేశంలో స్థిరపడలేక, వెనక్కి రాలేక నలిగే మనిషి బాధ మన ప్రేక్షకులకు, ముఖ్యంగా పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లవాళ్లకు, ఇంకెవరికంటే బాగా తెలుసు.

బెర్టీ బూతులు తిట్టే సన్నివేశం సైడ్లర్ సొంత జీవితంలోంచి వచ్చింది. పదహారేళ్లప్పుడు నత్తి మీద కోపంతో ఆయన తిట్లు లంకించుకున్నారట, ఆ కోపంలో మాట వదులైందట. కోపంలో తిట్టు ధారాళంగా రావడం చాలామందిలో కనబడేదే. మన సభల్లో కుటుంబాలు కూర్చుంటాయి కాబట్టి దీన్నెలా చేయాలని సందేహించారు. పచ్చి బూతులు అక్కరలేదు. రాజకుటుంబీకుడి నోట రాకూడని మాట వచ్చిందనిపించాలి, అంతే. ‘వెధవ’తో మొదలై, మర్యాదస్తుడు జీవితంలో మొదటిసారి తిడుతున్నట్టు తడుముకుంటూ, చివరికి ఆనందంగా అందుకునేలా చేయండి. ఇక్కడ ప్రేక్షకులు నవ్వాలి. ఈ నవ్వు బెర్టీతో కలిసి నవ్వే నవ్వు.

పాట ఉన్న చోట మీకు గొప్ప అవకాశం ఉంది. సినిమాలో బెర్టీ చిన్ననాటి బాధను ఒక పాట వరసలో పెట్టి చెబుతాడు, ఎందుకంటే పాడుతుంటే నత్తి రాదు. మనకు పద్యనాటకం ఉంది. బెర్టీ చేత పద్యం పాడించమని అనడం లేదు, ఆయన ఇంగ్లీషువాడుగానే ఉండాలి. కానీ మాటను రాగంలోకి జార్చి, కొంచెం సాగదీసి, మళ్లీ మాటలోకి దించే విద్య మీ బృందంలోని పద్యనటులకు చేతిలో పని. వాళ్లలో ఒకరిని ఆ సన్నివేశానికి శిక్షకుడిగా పెట్టుకోండి.

చికిత్సల గురించి. చెవుల్లో పెద్ద సంగీతం వినిపిస్తూ చదివిస్తే బెర్టీ ‘హామ్లెట్’ మాటలు ధారాళంగా చదివేస్తాడు. తన గొంతు తనకు వినబడకపోతే నత్తి తగ్గడం నిజమే, కానీ ఆ ప్రభావం శబ్దం ఉన్నంతసేపే. ఊపిరి అభ్యాసాలు, కండరాల సడలింపు, పాఠంలో విరామాలు గుర్తించుకోవడం లోగ్ నిజంగా చేయించినవి, ఇప్పటికీ కొంతవరకు వాడతాం. ఆయనకు వైద్యపట్టా లేదు. ఆస్ట్రేలియాలో వక్తృత్వం నేర్పేవారు, మొదటి ప్రపంచయుద్ధంలో మాట పోగొట్టుకుని తిరిగొచ్చిన సైనికులకు సాయం చేసి పని నేర్చుకున్నారు. నోట్లో గోళీలు పెట్టి మాట్లాడించే సన్నివేశం చూసి ఎవరూ ఇంట్లో ప్రయత్నించకుండా చూడండి. మన దగ్గరా గులకరాళ్లు పెట్టుకోమనేవాళ్లు, వసకొమ్ము అరగదీసి నాకించేవాళ్లు ఇంకా ఉన్నారు. రాళ్లు గొంతుకు అడ్డం పడతాయి, నత్తి పోదు. పొగ తాగితే గొంతు సడలుతుందని ఆనాటి వైద్యులు చెప్పినట్టు కథలో ఉంటుంది. రాజుకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చి 1951లో ఒక ఊపిరితిత్తి తీసేశారు, 1952 ఫిబ్రవరి 6న 56 ఏళ్లకే చనిపోయారు. వేదిక మీద సిగరెట్టు వెలిగించవలసిన పని లేదు, లోగ్ అతని చేతిలోంచి తీసి పక్కనపెట్టడం చాలు.

కారణం విషయంలో నాటకం ప్రేక్షకుడిని తప్పుదారి పట్టించే ప్రమాదం ఉంది. కఠినుడైన తండ్రి, గిల్లే దాది, ఎడమచేతివాటాన్ని బలవంతంగా మార్పించడం, వీటివల్లే నత్తి వచ్చిందన్నట్టు కథ నడుస్తుంది. ఇవి పిల్లవాణ్ని బాధపెట్టినమాట నిజం. కానీ నత్తికి మూలం ఎక్కువగా మెదడు ఎదుగుదలలో, వంశపారంపర్యంలో ఉందని ఇప్పటి అవగాహన. సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య మొదలవుతుంది. దాదాపు నూటికి ఐదుగురు పిల్లల్లో ఏదో ఒక దశలో కనబడుతుంది, చాలామందిలో పోతుంది. పెద్దవాళ్లలో నూటికి ఒక్కరికి ఉంటుంది, వాళ్లలో మగవాళ్లే ఎక్కువ. మీ ప్రదర్శన చూసిన ఏ తల్లీ తన పిల్లవాడి నత్తికి తానే కారణమని కుమిలిపోతూ ఇంటికి వెళ్లకూడదు. కరపత్రంలో ఈ నాలుగు వాక్యాలు వేయండి. పిల్లవాడికి నత్తి కొన్ని నెలలపాటు తగ్గకపోతే స్పీచ్ థెరపిస్టుకి చూపించమని కూడా రాయండి. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ రంగంలో మన దేశానికి పెద్దదిక్కు.

ఆఖరి ప్రసంగం గురించి మీ దర్శకుడికి ఒక అభ్యర్థన. చివర్లో బెర్టీ చేత గడగడా మాట్లాడించకండి. రాజుకు నత్తి ఎప్పుడూ పూర్తిగా పోలేదు. 1951 క్రిస్మస్ సందేశాన్ని, శస్త్రచికిత్స తర్వాతి బలహీనత కూడా తోడవడంతో, ముక్కలు ముక్కలుగా ముందే రికార్డు చేయవలసి వచ్చింది. ఒకసారి రేడియో ప్రసంగం అయ్యాక, ఒక మాట దగ్గర ఎందుకు ఆగారని లోగ్ అడిగితే, అసలు తడబడకపోతే మాట్లాడింది నేనేనని జనం గుర్తుపట్టరేమో అన్నారట రాజు. ఈ మాట లోగ్ డైరీలో ఉంది. మీ బెర్టీ కూడా ఆఖరి ప్రసంగంలో రెండు మూడు చోట్ల నిజంగా చిక్కుకోవాలి. చిక్కుకున్నప్పుడు మొదటి అంకంలోలాగా చూపు కిందికి పడిపోకూడదు. ఆగి, లోగ్ వైపు చూసి, ఊపిరి తీసుకుని, అదే మాటను అందుకోవాలి. మాట మార్చకూడదు, దారి తప్పించుకోకూడదు. మొదటి అంకానికీ చివరి అంకానికీ కనబడవలసిన మార్పు ఇంతే. సినిమాలో ఈ ప్రసంగం వెనక బేథోవెన్ సంగీతం నడుస్తుంది. మీరు సంగీతం పెట్టకండి, కనీసం మొదటి నిమిషం. హాలంతా ఆ ఊపిరి వినాలి.

ప్రదర్శన హక్కులకు ముందే రాసి లైసెన్సు తీసుకోండి, అనువాదానికి విడిగా అనుమతి కావాలి. అది చేతికొచ్చేదాకా తేదీ ప్రకటించకండి. రిహార్సల్‌లో ఏ సన్నివేశం దగ్గర నటుడు మళ్లీ పాత హాస్యధోరణిలోకి జారిపోతున్నాడో ఇక్కడే రాయండి. వీలైతే ఆ సన్నివేశం తెలుగు పాఠం కూడా పెట్టండి, చిక్కు ఎక్కడ పెట్టాలో కలిసి చూద్దాం.